చెరువు చేప జాడలో: పానగల్లు నుంచి జూరాల దాకా

శనివారం పొద్దున, పానగల్లు

నల్లగొండ దాటి పానగల్లు చెరువు కట్ట ఎక్కేసరికి ఎనిమిది కూడా కాలేదు. దసరా వెళ్ళి ఎక్కువ రోజులు కాలేదు. బతుకమ్మ పూలు ఇంకా కట్ట రాళ్ళ మధ్య ఇరుక్కుని వాడిపోతున్నాయి. ఉదయసముద్రం అంచుల దాకా నిండి ఉంది. కందూరి చోడులు పానగల్లును రాజధానిగా చేసుకుని ఏలిన రోజుల్లో, ఉదయ చోడుడి పేరు మీద వెలిసిన చెరువు ఇది. దాదాపు 900 ఏళ్ళ నాటిది.

మా బామ్మర్ది కారు దిగుతూనే అడిగింది ఒకటే. "బావా, ఈ నీళ్ళు ఏడికెళ్ళి వస్తున్నయ్?"

"కృష్ణ నీళ్ళురా. సాగర్ వెనక జలాల నుంచి పుట్టంగండి దగ్గర పంపులతో ఎత్తి కాలువలో వదులుతరు. మాధవరెడ్డి ప్రాజెక్టు. ఈ చెరువు ఇప్పుడు దానికి రిజర్వాయరు."

వాడి ముఖం వాడిపోయింది. ఎందుకో చెప్పాలి. వాడు చదివింది చేపల చదువు, చేసేది బ్యాంకు ఉద్యోగం. హాల్లో సగం మింగేసిన అద్దాల తొట్టిలో ఆఫ్రికా చేపల్ని పెంచుతాడు. కొన్నాళ్ళుగా వాడి నోట బారోంబి ఎంబో అనే పేరు తప్ప ఇంకోటి రావట్లేదు. కామెరూన్ దేశంలో కుంబా అనే ఊరి పక్కన, చల్లారిన అగ్నిపర్వతం నోట్లో నిలిచిన చిన్న సరస్సు అది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు రెండు కిలోమీటర్ల పైచిలుకు, లోతు మాత్రం 110 మీటర్ల దాకా. అందులో ఉండేవి 15 రకాల చేపలైతే, 12 రకాలు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేవు. "మన దగ్గర ఇన్ని చెరువులున్నయ్ గదా, ఒక్కదానికన్నా సొంత చేప ఉండదా?" అన్నది వాడి పట్టు. నాకైతే పాలమూరు వైపు చూడని చెరువులు చాలా మిగిలాయి, తినని చేపలు అంతకంటే ఎక్కువ. అట్లా కలిసి బయల్దేరాం.

తీరా చూస్తే మొదటి చెరువే కృష్ణానదికి గొట్టం వేసుకుని కూర్చుంది. నీళ్ళతో పాటు నదిలో ఉన్న చేప గుడ్లు, పిల్లలు అన్నీ వస్తాయి. ఇక దీనికంటూ సొంత చేప ఏం మిగులుతుంది? అయినా నేను ఆ పంపుల్ని ఒక్క మాట అనను. ఫ్లోరైడ్ నీళ్ళతో కాళ్ళు వంకర పోయిన మనుషుల్ని చూస్తూ పెరిగిన జిల్లా మాది. కృష్ణ నీళ్ళు వచ్చిన రోజు మా ఊళ్ళో కొబ్బరికాయలు కొట్టారు.

కట్ట దిగువన ముగ్గురు ఆడవాళ్ళు చేపల గంపలు పెట్టుకుని కూర్చున్నారు. బొచ్చె, రవ్వ కిలో 160. పెద్ద అల్యూమినియం గిన్నెలో కొర్రమీన్లు, ఇక్కడి మాటలో బొమ్మెలు, నీళ్ళ పైకొచ్చి గుటుక్కున గాలి మింగి మళ్ళీ అడుక్కు పోతున్నాయి. కిలో 450.

"చెరువువేనా అక్కా?" అన్నాను.

ఆమె దాచలేదు. "కాదన్నా. పెంచినయి. రాత్రి బండిల దిగినయి. చెరువు బొమ్మె గావాలంటే ఆరొందలు, అదీ దొరికిననాడు."

మేం కిలో రవ్వ తీసుకుంటే పైన రెండు జిలేబీ (తిలాపియా) చేపలు కొసరు వేసింది. డబ్బులు ఇవ్వబోతే చెయ్యి ఊపింది. దానికి ఎవరన్నా డబ్బులిస్తారా అన్నట్టు. ఆ రవ్వనూ ఆ కొసరునూ అక్కడే ఇంకొకామెకు ముప్పై రూపాయలిచ్చి శుభ్రం చేయించాం. పక్క హోటలాయన ఉప్పూ కారం పట్టించి, పెనం మీద కాల్చి జొన్నరొట్టెతో పెట్టాడు. ఆయన వంటకూలి వంద. తింటుంటే చేపల గంపల దగ్గరి నుంచి వరుసగా ప్రశ్నలు: ఏ ఊరు, ఎవరింటోళ్ళు, పిల్లలెంతమంది. జవాబులు చెప్పకుండా లేచి రావడం అక్కడ మర్యాద కాదు.

ఛాయా సోమేశ్వరాలయం పక్కనే ఉంది కాబట్టి వెళ్ళాం. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా కదలకుండా నిలబడి ఉంటుంది. సూర్యుడు కదిలినా నీడ కదలదు. మా వాడు పావుగంట పాటు చెయ్యి అడ్డం పెట్టి ఏ స్తంభం నీడో పట్టుకోవాలని చూసి, పూజారి గొంతు సవరించుకోవడంతో బయటికొచ్చాడు.

అదే సాయంత్రం, డిండి

దేవరకొండ దాటాక ఫోన్లోని మ్యాప్ మమ్మల్ని బత్తాయి తోటలోకి తీసుకెళ్ళింది. దారి సన్నబడి, సన్నబడి, ఒక మోటరు గది ముందు ఆగిపోయింది. అక్కడ పాదులు చేస్తున్న రైతు మా కారును చూసి ఆశ్చర్యపోలేదు. "ఆ ఫోను మాట ఇని వస్తనే ఉంటరు సారూ. నేనే బోర్డు పెడుదామనుకుంటున్న." కారు వెనక్కి తిప్పుకోవడానికి గేటు తీసి, నాలుగు బత్తాయిలు వెనక సీట్లో పడేశాడు. డబ్బులంటే నొచ్చుకున్నాడు.

డిండి వాగు మీద నిజాం కాలంలో కట్టిన ప్రాజెక్టు ఇది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే బస్సులన్నీ దీని పక్క నుంచే పోతాయి. రోడ్డు పక్క రేకుల షెడ్డులో పెద్ద మూకుడు. మసాలా పూసిన చేప ముక్కలు ఎర్రగా వేగుతున్నాయి. ప్లేటు 120. మసాలా ఎక్కువ, చేప తక్కువ. తినేది బొచ్చెనా, బంగారుతీగనా అని అడిగితే అబ్బాయి ఆలోచించి "చేపే సార్" అన్నాడు.

అక్కడ కూర్చుని మా వాడు బారోంబి కథ పూర్తిగా విప్పాడు. ఆ సరస్సులో పైన ఇరవై మీటర్ల వరకే చేపలకు ప్రాణవాయువు దొరుకుతుందట. కింద ఉన్న నీళ్ళంతా ఊపిరాడని నీళ్ళు. కొనియా డికుమే అనే చేప ఒకటి మాత్రం ఆ ఊపిరాడని లోతులకు దిగి దోమజాతి పురుగుల పిల్లల్ని తిని వస్తుంది. దాని నెత్తురులో హీమోగ్లోబిన్ చాలా ఎక్కువ. పుంగు అనే ఇంకొక చేప నీటి అడుగున రాళ్ళకు పట్టే స్పాంజిని కొరుక్కు తింటుంది. ఒకే నీళ్ళలో ఇన్ని రకాలు ఎట్లా పుట్టాయంటే, ఎప్పుడో వాగు వెంట ఎక్కొచ్చిన చేప అందులో చిక్కుకుపోయింది. దాని సంతానం తలా ఒక తిండి, తలా ఒక లోతు పంచుకుని వేలకు వేల ఏళ్ళలో వేరు వేరు చేపలైపోయింది.

"మరి ఆ చేప ఏ జాతిది?" అన్నాను.

వాడు నవ్వాడు. "పొద్దుగాల ఆమె మనకు కొసరేసింది సూడు, ఆ జిలేబీకి దగ్గరి చుట్టం."

ఆ ముక్కతో ఇంకో ప్లేటు తెప్పించాను. జిలేబీని మన దేశానికి 1952లో తెచ్చారు. తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, పిల్లలకు కూడా నోరే ఇల్లు. ఏడాదిలో ఎన్నోసార్లు పెడుతుంది. మన చెరువుల్లో పడ్డాక దానికి ఎదురు లేకుండా పోయింది. అక్కడ ఒక్క సరస్సు దాటని చుట్టాలు, ఇక్కడ ఊరూరా కొసరు కింద పోయే చుట్టం. మా వాడు వేలు పోసి తొట్టిలో పెంచేది కూడా ఆ కుటుంబమే అని గుర్తు చేస్తే వినపడనట్టు మూకుడు వైపు చూశాడు.

ఆదివారం, అచ్చంపేట దగ్గర ఒక కుంట

అచ్చంపేటకు కొంచెం ఇవతల మా చిన్నమ్మ వాళ్ళ ఊరు. రాత్రి అక్కడే పడుకున్నాం. పొద్దున్నే చిన్నాయన మమ్మల్ని ఊరి బయట కుంటకు తీసుకెళ్ళాడు. దానికి కాలువ లేదు, పంపు లేదు. చుట్టూ రాళ్ళగుట్టలు, వానకు ఆ గుట్టల నీళ్ళే దిగి నిండుతుంది. సగం దాకా తుంగ, మిగతా సగంలో అల్లి పూలు. ఎండాకాలంలో ఇక్కడ పిల్లలు క్రికెట్ ఆడతారట. మా వాడి కళ్ళలో వెలుగు వచ్చింది.

కుంట దగ్గర ముదిరాజ్ పెద్దాయన ఒకరు గాలం సవరించుకుంటున్నాడు. మేం ఎవరమో చిన్నాయన చెప్పాక, ముందు మా చెప్పులు చూశాడు. "ఇడిచి రండ్రి, జారుతది" అని ముందు నడిచాడు. తుంగ అంచున ఆగి, గొంతు తగ్గించి, నీళ్ళ వైపు గడ్డంతో చూపించాడు.

మొదట నాకేం కనిపించలేదు. తర్వాత నీళ్ళ మీద ఎర్రటి మరక ఒకటి కదిలింది. మరక కాదు, వందల పిల్లలు. ఒక్కొక్కటి గోరంత. అన్నీ ఒకేసారి పైకొచ్చి గాలి పీల్చి, ఒకేసారి దిగుతున్నాయి. వాటి కింద నల్లటి వీపు ఒకటి మెల్లగా తిరుగుతోంది.

"బొమ్మె. పిల్లల్ని మేపుతుంది. శానా ఆలిశంగ పెట్టింది ఈ యాడు," అన్నాడు పెద్దాయన. కొర్రమీనుకు వానాకాలమే పిల్లలు పెట్టే కాలం. ఈసారి చివరి వానలు ఆలస్యమైనట్టున్నాయి.

మా వాడు చెప్తూ పోయాడు. కొర్రమీనుకు మొప్పలతో పాటు తల లోపల గాలి పీల్చుకునే అర ఉంటుంది. పైకొచ్చి గాలి పీల్చనివ్వకుండా నీళ్ళలోనే పట్టి ఉంచితే చచ్చిపోతుంది, చేప అయ్యుండి నీళ్ళలో మునిగి చచ్చిపోతుందన్నమాట. నీళ్ళు ఎండుతుంటే తడి బురదలోకి దూరి వాన కోసం కాచుకుంటుంది. వాన రాత్రి తడి గడ్డిలో పాక్కుంటూ ఒక కుంట నుంచి ఇంకో కుంటకు పోగలదు. పెద్దాయన అంతా విని తల ఊపాడు. "నా పొలం గట్టు మీద పట్టిన. ఎన్నిసార్లో. నువ్వు సదివినవు, నేను సూసిన."

పిల్లల్ని కాసే చేపను పట్టడం చాలా తేలిక. ఎర్ర గుంపు మధ్యలో కప్పను గుచ్చిన గాలం ఆడిస్తే చాలు, అది తిండికి కాదు, కోపానికి వచ్చి కొరుకుతుంది. బైకుల మీద వచ్చే కుర్రాళ్ళు అట్లాగే పడుతున్నారని పెద్దాయన తిట్టాడు. ఆయన తిట్లు ఇక్కడ రాయలేను. పట్టాక పిల్లల గతి ఏంటంటే, పరకలూ జెల్లలూ ఒక్క పూటలో గుంపును ఖాళీ చేస్తాయి.

"ఈ కుంటల ఇంకేమేం ఉంటయి?" మా వాడు నోట్ బుక్ తీశాడు.

బురదమట్టలు, పరకలు, జెల్లలు, చందమామలు, ఉలిసెలు, ఇంగిలాయి. ఇంగిలాయి ముల్లు గుచ్చితే రెండు రోజులు చెయ్యి వాస్తుంది. ఇవన్నీ ఎవరూ తెచ్చి పోసినవి కావు. చిన్నాయన మధ్యలో అందుకున్నాడు: ఎండిన కుంటలో మొదటి వానకే చేప ఎట్లా వస్తుందో తెలవక, వాన తోటే పైనుంచి పడతాయని వాళ్ళ నాయన చెప్పేవాడట. నిజానికి కొన్ని బురదలో దాక్కున్నవి, కొన్ని కుంట నిండి అలుగు పారినప్పుడు కింది వాగు నుంచి ఎదురెక్కినవి. పాలమూరు చెరువులన్నీ గొలుసుకట్టు. పై చెరువు అలుగు కింది చెరువులోకి, అది ఇంకో దాంట్లోకి, చివరికి దుందుభికో కృష్ణకో. చేపకు అది రోడ్డు. మా వాడి సొంత చేప కల అక్కడే ముగిసింది. ఒక్క మంచి వానాకాలం వస్తే ఏ కుంటా ఒంటరి కాదు. కాబట్టి ఏ కుంటకూ దానికంటూ చేప పుట్టే తీరిక లేదు.

నాకు మాత్రం ఈ కుంటే బారోంబి కంటే గొప్పగా కనిపించింది, వాడితో అన్నాను కూడా. అక్కడి చేపలకు 110 మీటర్ల నీళ్ళున్నాయి, ఎన్నటికీ ఎండవు. ఏటా ఎండిపోయే చోట, అడుగు లోతు బురదలో బతికి మళ్ళీ లేవడం వేరే విద్య. తెలంగాణ ప్రభుత్వం 2016లో కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించింది. మృగశిర నాడు నాంపల్లిలో వేసే చేప మందులో మింగించేదీ దీని పిల్లనే. పేరూ గౌరవమూ బాగానే ఉన్నాయి.

పెద్దాయన దగ్గర ముందు రోజు వేరే చోట పట్టిన కొర్రమీను ఒకటి బకెట్లో ఉంది. కిలోంబావు. ఐదొందలు ఇస్తే చాలన్నాడు, చిన్నాయన ముఖం చూసి. చిన్నమ్మ దాన్ని పొయ్యి బూడిద, రాళ్ళ ఉప్పు వేసి బండ మీద రుద్ది రుద్ది కడిగింది. జిగట పోవాలంటే అదొక్కటే మార్గం, సబ్బుతో కడిగే వాళ్ళూ ఉన్నారట పట్నంలో, అంటూ నా వైపు చూసింది. మట్టి చట్టిలో చింతపులుసు, వేయించిన మెంతులు, ఎల్లిగడ్డ, కుడుక ముద్ద. దించాక మూత పెట్టి పక్కన పెట్టేసింది. రాత్రి మాకు వేరే కూరతో అన్నం. "చేపల పులుసు తెల్లారి తినాలె కొడుకా." ఆకలితో ఉన్న మా వాడు రెండుసార్లు వంటింటి వైపు నడిచి వట్టి చేతులతో తిరిగొచ్చాడు. తెల్లారి చల్లటి పులుసు, వేడి జొన్నరొట్టె. ఈ ప్రయాణంలో తిన్నవాటిలో దానికి సాటి లేదు, ఇప్పుడే చెప్పేస్తున్నా.

సోమవారం పొద్దున, అదే ఊరి పెద్ద చెరువు

పులుసు తిని కడుపు నిమురుకుంటూ ఉండగా ఊళ్ళో సందడి. పెద్ద చెరువుకు చేపపిల్లల బండి వచ్చింది. ప్రభుత్వం ఉచితంగా పంచే పథకం 2016లో మొదలైంది. వానాకాలం చెరువుల్లో వేసే పిల్లలు 35 నుంచి 40 మిల్లీమీటర్లు, రిజర్వాయర్లలో వేసేవి 80 నుంచి 100 మిల్లీమీటర్లు ఉండాలని లెక్క. బొచ్చె, రవ్వ, మోసు, బంగారుతీగ.

ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచులు గట్టున వరుసగా పెట్టారు. లెక్క పెట్టే పద్ధతి చూడాలి. ఒక జల్లి గిన్నెతో ముంచి, అందులో ఎన్నున్నాయో లెక్కపెట్టి, మొత్తం గిన్నెల సంఖ్యతో గుణిస్తారు. మొదటి గిన్నె నిండుగా ముంచారనీ, తర్వాతవి సగమే ఉన్నాయనీ మత్స్యకారుల సంఘం వాళ్ళు గొడవ. బండి అతను నేను డ్రైవర్ని మాత్రమే అన్నాడు. చివరికి అందరూ ఫోటో దిగారు.

నేను సంఘం పెద్దమనిషిని అడిగాను, ఈ పిల్లలు వచ్చాక కుంటల్లో దొరికే చేపలు తగ్గాయా అని. ఆయన సూటిగా చెప్పాడు. "తగ్గినయి. గని పరకలు అమ్మి నా బిడ్డ పెండ్లి చేస్తనా? వేసంగిల ఇవి పడితెనే మాకు నాలుగు పైసలు." దానికి నా దగ్గర జవాబు లేదు. మా వాడి బాధ వేరే. పిల్లలు వేసే ముందు చెరువులో కొర్రమీను, వాలుగ లాంటి వేటాడే చేపల్ని తీసేయడం పాఠ్యపుస్తకంలోనే ఉంది, తానే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాడట.

సోమవారం, సింగోటం మీదుగా సోమశిల

ఉమామహేశ్వరం గుట్ట ఎక్కి, బండల సందుల్లోంచి ఎండాకాలం కూడా ఆగని ధార కింద తల పెట్టి, కోతులకు సగం అరటిపండ్లు సమర్పించుకుని దిగాం.

కొల్లాపూర్ దగ్గర మాటల్లో పడి మలుపు దాటిపోయి సింగోటం చేరుకున్నాం. మంచిదే అయింది. లక్ష్మీనరసింహస్వామి గుడి, దాని ముందు శ్రీవారి సముద్రం. మెట్ల మీద కూర్చున్న ఒక ముసలమ్మ మాకు తన పల్లీల పొట్లం చాపింది. తీసుకోకపోతే ఊరుకోలేదు.

సోమశిలలో కృష్ణ కృష్ణలా లేదు. శ్రీశైలం డ్యాం వెనక జలాలు కొండల మధ్య ఎటు చూసినా పరుచుకుని ఉన్నాయి. లలితా సోమేశ్వరాలయాన్ని ముంపు నుంచి తప్పించి పైన కట్టారు. సంగమేశ్వరం గుడి మాత్రం ఇప్పుడు నీళ్ళ కిందే ఉంది. వేసవిలో మట్టం దిగితే బయటపడి, వేప లింగానికి పూజలు జరుగుతాయి, వరద రాగానే మళ్ళీ మునుగుతుంది. పడవవాడు మనిషికి వంద తీసుకుని, ఇంజను ఆపి, దూరంగా ఒక చోటు చూపించి దండం పెట్టుకున్నాడు. మేమూ పెట్టాం.

ఒడ్డున ఎండుచేపలు గజాల కొద్దీ పరిచి ఉన్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే చాలావాటి పొడవు వేలెడంత కూడా లేదు. పరకలతో కలిసి రవ్వ పిల్లలు, బొచ్చె పిల్లలు, జెల్ల పిల్లలు, గుర్తుపట్టలేనివి ఇంకెన్నో. అలివి వల పని అది. దోమతెర లాంటి సన్నని కన్ను, వందల గజాల పొడవు. నీళ్ళలో ఉన్న ప్రతి ప్రాణినీ ఊడ్చుకొస్తుంది. నిషేధం ఉంది, రాత్రిళ్ళు నడుస్తూనే ఉంది. స్థానిక జాలరి ఒకాయన తన నైలాన్ వల కళ్ళలో మూడు వేళ్ళు దూర్చి చూపించాడు. "నా వలకు పెద్దదే పడతది. అలివికి దాని మనుమడు సుత పడతడు." ఫిర్యాదు చేయలేదా అంటే నదిలోకి ఉమ్మేసి ఊరుకున్నాడు.

మా వాడు ఆ కుప్ప ముందు గొంతుకూర్చుని గంటసేపు లేవలేదు. చేపల్ని ఏరి వరుసలు పేర్చాడు. ఎండుచేపలమ్మే ఆమెకు మొదట కోపం, తర్వాత వినోదం, చివరికి తనే "ఇది మరిసినవు" అని అందించసాగింది. ఒకే కుప్పలో పద్నాలుగు రకాలు తేలాయి. కృష్ణలో ఎన్ని రకాలున్నాయో తెలుసుకోవడానికి వలకంటే ఈ కుప్పే మేలు అన్నాడు. మాట నిజమే గానీ ఆ మాట అంటున్నప్పుడు వాడి గొంతులో సంతోషం లేదు.

సాయంత్రం ఒక ఇంట్లో భోజనం, మనిషికి 150. బొమ్మిడాయిల పులుసు, పచ్చిపులుసు, అన్నం. బొమ్మిడాయి పాములా కనిపిస్తుందని మా వాడి ఆఫీసు వాళ్ళు తినరట. వాళ్ళ ఖర్మ.

మంగళవారం, సరళాసాగర్, ఆపైన జూరాల

వనపర్తి రాజా రామేశ్వర రావు తన తల్లి సరళాదేవి పేరు మీద చిన్నవాగుపై కట్టించిన సరళాసాగర్ 1959లో పూర్తయింది. దీనికి గేట్లు ఎత్తే మనిషి అక్కర్లేదు. నీటి మట్టం ఒక హద్దు చేరగానే సైఫన్లు అనే వంపు గొట్టాల్లోని గాలిని నీళ్ళు లాక్కుపోతాయి, అవే పని మొదలుపెట్టి హోరుమని నీళ్ళు కక్కుతాయి. మట్టం దిగి గాలి దూరగానే అవే ఆగిపోతాయి. ఆసియాలో ఇట్లాంటిది ఇదే మొదటిదని అక్కడ పశువులు కాసే అబ్బాయి కూడా చెప్తాడు. మేం వెళ్ళిన రోజు సైఫన్లు పొడిగా ఉన్నాయి. హద్దుకు ఇంకా జానెడు తక్కువ.

2019 డిసెంబర్ 31న ఈ కట్ట తెగింది. నీళ్ళన్నీ పొలాల మీదుగా పోయాయి. కట్ట బాగుచేసి మళ్ళీ నింపాక మొదట ఏ చేప కనిపించిందని మా వాడు అక్కడి జాలరిని అడిగాడు. ఆయన ఆలోచించకుండా చెప్పాడు: "బురదమట్టలు. గుంతలల్ల నీళ్ళు నిలిచిన కాడ అవే ఉండె. ఎనుక పరకలు. బొచ్చెలు మేము ఏసినంకనే." ఎవరూ తెచ్చి పోయకున్నా మిగిలేదే చెరువు సొంత చేప, ఇంతదూరం వచ్చి వెతికిన ప్రశ్నకు దొరికిన సమాధానం ఇదేనని నాకనిపించింది. మా వాడు నోట్ బుక్ లో రాసుకుని కింద రెండు గీతలు గీశాడు.

జూరాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఆదివారాలు అక్కడికి పోని పాలమూరు మనిషి ఉండడు. డ్యాం దగ్గర వరుసగా చేపల దుకాణాలు. చేపను చూపిస్తే తూచి, కోసి, మసాలా పట్టించి అక్కడే వేయిస్తారు, అన్నీ కలిపి కిలో 320 పడింది. మంగళవారం కాబట్టి జనం పల్చగా ఉన్నారు, నూనె కూడా తాజాగా ఉంది. నదిలో మొసళ్ళున్నాయి, నీళ్ళలో దిగొద్దని బోర్డు. దాని కిందే ఒకాయన మోకాళ్ళ లోతులో నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు.

దుకాణామె ముందు బొచ్చె చూపించింది. మా వాడు వద్దని, నదిలో పుట్టినవేమన్నా ఉన్నాయా అన్నాడు. ఆమె ఎగాదిగా చూసి, వెనక్కెళ్ళి తడి గోనెపట్టా కింద నుంచి రెండు జెల్లలు, ఒక చిన్న వాలుగ తెచ్చింది. ఇంటికి తీసుకెళ్దామని దాచుకున్నవట. "పట్నపోళ్ళు ముండ్లు లేనిది అడుగుతరు, నువ్వేంది ఇవి అడుగుతవు?" అంది. రేటు పైసా తగ్గించలేదు. వాలుగ నెయ్యి పట్టినట్టు మెత్తగా ఉంది. జెల్లకు మసాలా తక్కువ వేయమంటే సరిగ్గా అట్లాగే వేసింది.

వెళ్ళాలనుకునే వాళ్ళకు: పెట్రోలు పోను ఇద్దరికీ తిండికి, పడవకు, వంటకూలికి కలిపి మూడున్నర వేలు దాటలేదు, అందులో చిన్నమ్మ ఇంటి భోజనం లెక్కలో లేదు. కొర్రమీను కదులుతుంటేనే కొనండి, పెంచినదా చెరువుదా అని అడగండి, చాలామంది నిజమే చెప్తారు. జూరాలకు ఆదివారం వద్దు. సోమశిలలో ఎండుచేపలు బాగుంటాయి, కొనండి. వేలెడంత పిల్లలున్న కుప్ప మాత్రం ఎంత చవగ్గా ఇస్తానన్నా వదిలేసి పక్క గంపకు పోండి.